రేమండ్ గుట్ట మీద ఇంగ్లీషు కోట

దిల్‌సుఖ్‌నగర్‌లో గుట్ట ఉందంటే అక్కడి హాస్టళ్ళలో ఏళ్ళ తరబడి ఉండి చదువుకున్నవాళ్ళు కూడా నమ్మరు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, సాయిబాబా గుడి ముందు గురువారం రద్దీ, చీరల షాపులు, రోడ్డు నడినెత్తిన మెట్రో వంతెన, వీటి మధ్య నేల ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. కాళ్ళకు తెలుస్తాయి. మూసారాంబాగ్ వైపు నడిచి, పెద్ద రోడ్డు వదిలి టీవీ టవర్ సందుల్లోకి తిరిగితే పిక్కలు పట్టేస్తాయి. ఆ ఎక్కుడు చివర 1885లో కట్టిన రాతి కోట ఉంది. పేరు ఆస్మాన్‌గఢ్. కట్టించినవాడు హైదరాబాదు నవాబు. కట్టడం తీరు మాత్రం ఇంగ్లండు పల్లెల్లో అక్కడి భూస్వాములు కట్టుకున్న గోథిక్ మేడల తీరు.

కోటలో సెయింట్ జోసెఫ్స్ పబ్లిక్ స్కూలు నడుస్తోంది. అందుకే ఆదివారం వెళ్ళాను. బడి లేని పూట పిల్లల సందడి ఉండదు, గోడలను తీరిగ్గా చూడొచ్చని. గేటు దగ్గర కూర్చున్న పెద్దాయన ముందు అడ్మిషన్ కోసం వచ్చాననుకున్నాడు. బిల్డింగు చూడటానికని చెబితే ఎగాదిగా చూసి, "చూస్కో సార్, ఫోటోలైతే బయట్నుంచి దిగు" అన్నాడు. చూడవలసినదంతా బయటే ఉంది కాబట్టి నాకు పేచీ లేదు.

దగ్గరికి వెళ్తే మొదట కనిపించేది రాయి. ఈ నేలలోంచి పొడుచుకొచ్చే గ్రానైటే. మూలల్లో బురుజులు, మీద ఎత్తుపల్లాలుగా కోసిన పిట్టగోడ, కొస తేలిన తోరణాల కిటికీలు. నిజమైన కోటలో అలాంటి పిట్టగోడ చాటున సిపాయి నిలబడి తుపాకి పేలుస్తాడు. ఇక్కడ ఆ చాటున ఎవడూ నిలబడే పని లేదు. 1885 నాటికి ఈ గుట్ట మీదికి దండెత్తి వచ్చే శత్రువు లేడు. షికారుకీ విడిదికీ కట్టుకున్న సరదా కోట ఇది. ఇంగ్లండులోనూ సరిగ్గా ఇదే జరిగింది. అక్కడ హోరేస్ వాల్పోల్ అనే ప్రభువు 1749 నుంచి లండన్ శివారు ట్వికెన్‌హామ్‌లో స్ట్రాబెరీ హిల్ అనే ఇంటిని కోటలాగా, చర్చిలాగా పెంచుకుంటూ పోయాడు. దాన్ని చూసి ఇంకొందరు కట్టారు. 1834లో లండన్ పార్లమెంటు తగలబడి, దాన్ని మళ్ళీ గోథిక్‌లోనే కట్టేసరికి ఆ శైలికి సర్కారు ముద్ర పడింది. ఆ తర్వాత బొగ్గు గనుల్లోనూ మిల్లుల్లోనూ డబ్బు చేసుకున్నవాళ్ళు కూడా పల్లెకు పోయి నాలుగు బురుజులు లేపి, తాతల నాటి కోటలో ఉంటున్నట్టు దర్జా పోయేవారు.

ఇంగ్లీషువాళ్ళ పల్లె మేడకు ప్రాణం ఇల్లు కాదు, చుట్టూ ఉన్న భూమి. కౌళ్ళ మీద వచ్చే రాబడితో ఇల్లు నిలబడేది. గేటు నుంచి ఇంటి దాకా పొడుగాటి బాట వేసి, దారి మలుపు తిరిగేసరికి మేడ ఒక్కసారిగా కంటబడేట్టు చెట్లు పెంచేవారు. వచ్చినవాడు దూరం నుంచే చూసి తగ్గాలన్నమాట. హైదరాబాదు అమీరు ఇంటి లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అది దేవిడీ. వీధికి చూపేది ఎత్తయిన గోడ, పెద్ద దర్వాజా, అంతే. లోపల ఎన్ని చౌకులున్నాయో, ఎన్ని ఫౌంటెన్లున్నాయో, ఎంతమంది ఉన్నారో దారిన పోయేవాడికి తెలిసే వీల్లేదు. ఆ సంప్రదాయంలో పుట్టి పెరిగిన మనిషి ఊరవతల గుట్ట వెతికి, దాని నెత్తిన, నాలుగు దిక్కుల నుంచీ కనబడే ఇల్లు కట్టాడు. ఆస్మాన్‌గఢ్‌లో నాకు ఆశ్చర్యం కలిగించింది గోథిక్ కిటికీలు కావు, ఇదిగో ఈ బుద్ధి మార్పు.

కిటికీల సంగతే తీసుకుంటే, వాటిని కట్టిన మేస్త్రీలకు అవి పరాయివిగా తోచి ఉండవు. కొస తేలిన తోరణం దక్కనుకు కొత్త కాదు. బహమనీలూ కుతుబ్‌షాహీలూ వందల ఏళ్ళు అదే కట్టారు. గోల్కొండ సమాధుల దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా చూడొచ్చు. లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ కూడా గోథిక్ అనేదాన్ని అరబ్బుల నుంచి వచ్చిన శైలి అనాలని వాదించాడు. ఆయన వాదనలో ఎంత పస ఉందన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. డంగు సున్నం నూరుకుని తోరణం కట్టే హైదరాబాదు మేస్త్రీ ముందు ఇంగ్లీషు బొమ్మ పెడితే, వాడు ఎగిరి గంతేయకుండా మామూలుగా తాపీ అందుకుని ఉంటాడని మాత్రం నా నమ్మకం.

కట్టించిన సర్ ఆస్మాన్ జా పాయిగా వంశస్థుడు. పాయిగాలంటే నిజాం తర్వాత నిజామంతటివాళ్ళు. సొంత సైన్యాలు, సొంత జాగీర్లు, నిజాం ఇంటితో వియ్యాలు. ఒకరిని మించి ఒకరు ఇళ్ళు కట్టడం ఆ కుటుంబానికి వ్యసనంలాంటిది. ఆస్మాన్ జాకు బషీర్‌బాగ్ మహలు ఉండేది. ఇప్పుడు ఆ మహలు లేదు, పేట పేరు మిగిలింది. ఆస్మాన్‌గఢ్‌కు ఒక ఏడాది ముందు, 1884లో, ఆయన దాయాది వికారుల్ ఉమ్రా అటు దక్షిణాన ఇంకో గుట్ట మీద ఫలక్‌నుమాకు పునాది వేశాడు. అది ఇటలీ పోకడ, ఇది ఇంగ్లీషు కోట పోకడ. పేర్లు చూసినా పోటీ తెలుస్తుంది. రెండింటిలోనూ ఆకాశమే ఉంది. ఫలక్‌నుమా గెలిచిందని వేరే చెప్పక్కర్లేదు. అది నిజాంకు చేరి, ఇప్పుడు లక్షాధికారులు రాత్రి బస చేసే హోటలయింది. ఇది కొన్నాళ్ళు బిర్లాల పురావస్తు మ్యూజియానికి చోటిచ్చి, తర్వాత బడి అయింది. కోట కట్టిన రెండేళ్ళకు, 1887లో, విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి నిజాం తరఫున ఆస్మాన్ జా లండన్ వెళ్ళాడు. అదే ఏడు హైదరాబాదుకు దివానయ్యాడు. అక్కడి అసలు గోథిక్ చూసి ఏమనుకున్నాడో గానీ, ఇక్కడి నకలు అప్పటికే తయారై ఉంది.

కోట దగ్గర్నుంచి ఎక్కువ నడవక్కర్లేకుండానే రేమండ్ సమాధి. దారి కోసం ఒక ఆటో అతణ్ణి అడిగాను. "రేమండ్ ఎవరో తెల్వదన్నా. నల్ల రాతి కంబం ఉంటది, పోరగాళ్ళు క్రికెట్ ఆడ్తరు, గదేనా?" అన్నాడు. గదే. ఇరవై అడుగుల పైచిలుకు ఎత్తున కొస తేలిన నల్లరాతి స్తంభం, పక్కనే గ్రీకు గుడి తీరులో స్తంభాల మంటపం. పాత మంటపం 2001 వానలకు కూలిపోతే తర్వాత తిరిగి కట్టారు. కొత్త కట్టడంలో అంచులు మరీ తిన్నగా ఉన్నాయి. పాత ఫోటోల్లోని మెత్తదనం పోయింది. కూలిన రాళ్ళ కుప్పకంటే ఇదే నయం.

మిషెల్ జొవాకిమ్ మరీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. రెండో నిజాం అలీ ఖాన్ దగ్గర చేరి వేల మంది సిపాయిలకు ఫ్రెంచి కవాతు నేర్పాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించాడు. ముస్లింలు ఆయన్ని మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారు. మూసారాంబాగ్ ఆయన పేరిటి తోటే. 1798 మార్చిలో, నలభై మూడో ఏట చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబరులో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. అక్టోబరు వచ్చేసరికి రేమండ్ తయారుచేసిన దళాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. హైదరాబాదులో ఫ్రెంచివాళ్ళ కథ అక్కడితో సరి. ఆ పని నడిపించిన కంపెనీ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్.

ఈ గుట్ట మీద నిలబడి ఆ ఏడాదిని తలుచుకుంటే ఆస్మాన్‌గఢ్ అర్థం మారిపోతుంది. ఫ్రెంచి సేనాని పడుకున్న గుట్ట మీదికి, ఆయన పోయిన ఎనభై ఏడేళ్ళకు, ఇంగ్లీషు మేడ ఎక్కి కూర్చుంది. దాన్ని ఏ ఇంగ్లీషువాడూ తెచ్చి పెట్టలేదు. ఒడంబడిక నీడలో మూడు తరాలు బతికిన అమీరు తన డబ్బుతో, తన ఇష్టంతో కట్టుకున్నాడు. ఫిరంగులు గెలిచిన చోట ఫ్యాషను వెనకే వస్తుంది కాబోలు.

కిర్క్‌పాట్రిక్ సొంతానికి ఏం కట్టాడో చూడాలంటే మెట్రో ఎక్కి కోఠీ పోవాలి. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే రెసిడెన్సీ దగ్గరే. మా తరానికి అది కోఠీ విమెన్స్ కాలేజీ. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం, చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. 1803 ప్రాంతంలో మొదలైన ఈ భవనానికి నక్షా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళంలోని లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్, లండన్ చిత్రకారుడు జాన్ రసెల్ కొడుకు. ఖర్చు నిజాంది. ఇంగ్లీషు పల్లె మేడ పద్ధతి అంటే అచ్చంగా ఇదీ: ఇరవైకి పైగా వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ సింహాలు, ఆకాశానికి నిలబెట్టిన కొరింథియన్ స్తంభాలు, పైన ముక్కోణపు నెత్తి మీద కంపెనీ చిహ్నం. కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనాన్ని డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ అనే పల్లె మేడను చూసి కట్టారు. రెసిడెన్సీదీ ఆ గోత్రమే.

స్థలం ఎలా దొరికిందన్న దానికి అప్పటి ఇంగ్లీషువాళ్ళు ఒక కథ చెప్పుకునేవారు. కిర్క్‌పాట్రిక్ తనకు కావలసిన నేల కొలతలన్నీ పెద్ద కాగితం మీద వివరంగా గీయించి దర్బారులో పరిచాడట. నిజాం మొహం చిట్లించి కాదన్నాడట. వజీరును కనుక్కుంటే, నీ పటం మా రాజ్యం పటం అంత ఉంది, అంత నేల ఎలా ఇస్తారనుకున్నావని నవ్వాడట. మర్నాడు అదే నక్షాను చిన్న కార్డు మీద గీయించి తెస్తే నిజాం సంతోషంగా ఒప్పుకున్నాడట. కథలో నిజాం అమాయకుడిలా కనిపిస్తాడు. నాకైతే ముసలాయన ఎగతాళి చేశాడేమోననిపిస్తుంది.

ఇంతకీ ఈ ఇంగ్లీషు మేడ వెనక ఏముండేది? జనానా. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ఉన్నత కుటుంబపు ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఆమె కోసం పెరట్లో రంగమహలు కట్టించాడు. అది తర్వాతి రోజుల్లో నేలమట్టమైంది. తోటలో రెసిడెన్సీకే చిన్న నమూనా ఒకటి మిగిలింది. పరదా దాటి రాలేని బేగం ముందు వైపు కూడా చూడాలని చేయించాడని చెబుతారు. కట్టడానికి ముందు ఇంజనీరు చేసుకున్న నమూనా అయి ఉండవచ్చనేవాళ్ళూ ఉన్నారు. ఇంజనీరు మాటే నిజానికి దగ్గరేమో, బేగం కథే ఊరికి ఇష్టం. ఇల్లు పూర్తిగా అనుభవించకుండానే 1805లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. ముందు స్తంభాలు వెనక జనానా పెట్టుకున్న ఇంగ్లీషువాడు ఒకడు, గోథిక్ బురుజుల్లో కూర్చున్న నవాబు ఇంకొకడు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే అవకాశం ఉంటే వినాలని ఉంది.

మళ్ళీ మెట్రోలో వెనక్కి. ఈ లైనులో ఇటు పక్క చివరి నుంచి రెండో స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. 2018 సెప్టెంబరులో ఎల్‌బీ నగర్ దాకా రైళ్ళు నడవడం మొదలైన తర్వాత, ఎన్నడూ ఆ ఆవరణ గేటు దాటని లక్షల మంది నోట ఆ పేరు నానుతోంది. చైతన్యపురి దాటాక రైలు కుడి ఎడమల ఒకటే కాంక్రీటు. ఒక చోట హఠాత్తుగా పచ్చగా చెట్లు వస్తాయి. ఆ చెట్లలో ఉన్నది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్ మహలు. 1901 జనవరిలో విక్టోరియా రాణి పోయాక, ఆమె పేరిట అనాథ పిల్లల ఆశ్రమం పెట్టడానికి దాన్ని ఇచ్చేశారు. అప్పట్లో ఇది ఊరు కాదు, సరూర్‌నగర్ చెరువు, షికారు అడవి. చెరువు 1626లో తవ్వించినది, కుతుబ్‌షాహీల నాటిది. సరూర్‌నగర్ అనే పేరు దివాన్ అరస్తు జా భార్య సరూర్ అఫ్జా బాయిది. రేమండ్ నాటి హైదరాబాదులో చక్రం తిప్పిన దివాను ఈ అరస్తు జానే. ఈ తూర్పు దిక్కంతా ఆ కొద్దిమంది మనుషుల చుట్టాల ఇంటిలా ఉంటుంది, ఎక్కడ తడిమినా ఒకరికొకరు తగులుతారు.

ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది, హాస్టలూ బడీ ఉన్నాయి. పిల్లల చోటు కాబట్టి నేను లోపలి గదుల జోలికి పోలేదు. ప్రహరీ అవతల నుంచి చూసినంతలో, హైవే మోత చెట్ల దగ్గరే ఆగిపోతున్నట్టుంది. ఎదురుగా కొత్తపేటలో మూడు దశాబ్దాలకు పైగా నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఊరవతలి బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రి కోసం కట్టడం లేస్తోంది. ఎల్‌బీ నగర్ మున్సిపాలిటీ 2007లో మహానగర పాలక సంస్థలో కలిశాక గజం ధర ఎటు పోయిందో ఇక్కడి ప్లాటు యజమానులను అడిగితే నవ్వుతారు. అలాంటి చోట పదుల ఎకరాల చెట్లు నిలిచాయంటే, అనాథ పిల్లలు ఉన్నారు కాబట్టే.

లెక్క వేసుకుంటే ఈ లైను పొడుగునా అదే తీరు. ఆస్మాన్‌గఢ్‌లో బడి ఉంది, నిలబడింది. సరూర్‌నగర్ మహల్లో ఆశ్రమం ఉంది, నిలబడింది. రెసిడెన్సీలోకి 1949లో ఆడపిల్లల కాలేజీ వచ్చింది. పెచ్చులూడుతూ, ఒక దశలో పైకప్పు మీద నమ్మకం పోయినా ఎలాగో నెట్టుకొచ్చి, చివరికి వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో మరమ్మతు చేయించుకుని 2023లో మళ్ళీ ముస్తాబయింది. పిల్లలు పట్టని ఇల్లు మలక్‌పేటలో ఉంది. మహబూబ్ మాన్షన్. 1886లో గుర్రప్పందాల మైదానాన్ని మౌలాలి నుంచి మలక్‌పేటకు తెప్పించుకున్నంత మోజుగా మహబూబ్ అలీ ఖాన్ ఉన్న మహలు. దాని పేరు ఇప్పుడు ఎక్కువగా వినబడేది ఉల్లిగడ్డల, మిర్చి ధరల్లో. ఆవరణ మార్కెట్ యార్డయింది. మహలు మాత్రం కప్పు దిగి, గోడల్లో రావి మొలిచి శిథిలమైంది. బస్తాల మధ్య నుంచి చూస్తూ నిలబడితే హమాలీ ఒకాయన "జరుగు సార్" అన్నాడు. జరిగాను.

పిల్లలు ఇళ్ళను కాపాడతారంటే నిర్వహణ బాగుంటుందని కాదు. గోథిక్ గదిలో బ్లాక్‌బోర్డు కోసం మేకులు కొడతారు. తోరణానికి అడ్డంగా ఇటుక గోడ లేపుతారు. మరుగుదొడ్ల కోసం రేకుల షెడ్లు వేస్తారు. పాత కట్టడాల ప్రేమికులకు ఇవన్నీ కంట్లో నలుసులు. కానీ రోజూ వెయ్యి కాళ్ళు తిరిగే ఇంట్లో వాన కారితే ఆ సాయంత్రానికే ఎవరో అరుస్తారు. మహబూబ్ మాన్షన్‌లో అరిచేవాళ్ళు లేకపోయారు.

ఆస్మాన్ జాను వదలడం ఇష్టం లేక ఎల్‌బీ నగర్ నుంచి ఇన్నర్ రింగ్ రోడ్డు మీదుగా, కర్మన్‌ఘాట్ దాటి, ఒవైసీ ఆసుపత్రి పక్కనున్న పిసల్ బండకు పోయాను. పాయిగాల సమాధులు అక్కడే. 1898లో పోయిన ఆస్మాన్ జా సమాధి కూడా. ఇక్కడ గోథిక్ పిట్టగోడలు లేవు, బురుజులు లేవు. పాలరాతి జాలీలు, గచ్చుతో పోసిన పూలు, లతలు, ఒక తెర మీద ఉన్న నమూనా ఇంకో తెర మీద ఉండదు. దాయాది వికారుల్ ఉమ్రా కూడా ఇక్కడే ఉన్నాడు, గుట్టల పోటీ ముగించుకుని. సున్నం పని చూస్తే, ఇదే చేతి పని తెలిసినవాళ్ళకు ఆస్మాన్‌గఢ్ ఎంత తేలిక పనో అనిపించింది. అక్కడ రాయిని కోటలా పేరిస్తే చాలు, ఇక్కడ సున్నాన్ని జరీలా అల్లాలి.

సందు చివర దాకా వచ్చినా ఈ సమాధులు కంటబడవు. ఎత్తు గోడ, ఒక దర్వాజా, దాటితే చౌకు, చౌకు వెంట చౌకు. బతికుండగా గుట్ట మీద అందరికీ కనబడేట్టు కట్టుకున్న నవాబు, పోయాక మళ్ళీ దేవిడీలోకే వచ్చాడు. టికెట్టు లేదు, పొద్దు గుంకేలోపు వెళ్తే జాలీల పని వెలుగులో చూడొచ్చు. ఆటో వాళ్ళకు పాయిగా అంటే అర్థం కాకపోతే పిసల్ బండ దర్గా దగ్గర అనండి, తీసుకెళ్తారు.